చదరంగం గళ్ల ఇరవై అంకెల సంఖ్యను చేత్తో విప్పడం ఎలా?

ఒక పెద్ద సంఖ్య ఇచ్చి, ఇది ప్రధాన సంఖ్యా కాదా, దీని కారణాంకాలు ఏమిటి, మొత్తం ఎన్ని ఉంటాయి అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్లు అడుగుతారు, పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు. ఈమధ్య రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు నుంచి అడిగేవాళ్లలో చాలామంది ఒకే సంఖ్యను పట్టుకొస్తున్నారు. 11వ శతాబ్దపు తెలుగు గణిత కవి పావులూరి మల్లన పేరు మీద ప్రచారంలో ఉన్న చదరంగం పద్యంలోని సంఖ్య అది. పద్యం వాట్సాప్‌లో తిరుగుతోంది. సంఖ్య సరైనదేనా, అది దేనితో పోతుంది, దేనితో పోదు అని సందేహం.

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపితే మొత్తం గింజలు ఇవి:

18446744073709551615

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615.

ఇరవై అంకెలు చూడగానే కొందరు కాలిక్యులేటర్ తీస్తారు, కొందరు పుస్తకం మూసేస్తారు. రెండూ అక్కర్లేదు. ఒక సంఖ్యను విప్పడం ఎంత కష్టమో దాని పొడవు చెప్పదు. దాని పక్కన ఏ సంఖ్య ఉందో చూడటం అలవాటైతే ఇది అమలాపురం పిన్‌కోడ్ కంటే తేలిగ్గా విడిపోతుంది. మాట వరసకు అనడం లేదు, చివర్లో ఆ పిన్‌కోడ్‌ను కూడా విప్పి చూపిస్తాను.

కావలసినవి

- గళ్ల నోట్‌బుక్. గడికి ఒక్క అంకె మాత్రమే రాయాలి. పెద్ద సంఖ్యల్లో సగం తప్పులు అంకెలు పక్కకు జరగడం వల్ల వచ్చేవే.
- పెన్సిలు, రబ్బరు.
- 100 లోపు ప్రధాన సంఖ్యల జాబితా. మొత్తం 25 ఉంటాయి. ఒక అట్టముక్క మీద రాసి పెట్టుకోండి.
- మామూలు కాలిక్యులేటర్, చిన్న చిన్న గుణకారాలు సరిచూసుకోవడానికి మాత్రమే.

కాలిక్యులేటర్ విషయంలో ముందే ఒక హెచ్చరిక. కొట్టుల్లో వాడే వాటిలో సాధారణంగా పన్నెండు అంకెలే పడతాయి. చాలా ఫోన్లలోని కాలిక్యులేటర్ ఇంత పెద్ద సంఖ్యను కుదించి, మొదటి కొన్ని అంకెలే చూపిస్తుంది. ఎక్సెల్ ఇంకా ప్రమాదం. ఈ సంఖ్యను గడిలో టైప్ చేస్తే మొదటి పదిహేను అంకెలు ఉంచుకుని మిగతా ఐదింటినీ సున్నాలు చేసేస్తుంది: 18446744073709500000. ఏ హెచ్చరికా చూపించదు. దాన్ని నమ్మి "చివర సున్నా ఉంది కాబట్టి 10తో పోతుంది" అని రాసినవాళ్లను చూశాను.

కంప్యూటర్ మీదే చేయాలనుకుంటే పైథాన్ వాడండి. అందులో 2**64-1 అని కొడితే ఇరవై అంకెలూ సరిగ్గా వస్తాయి. భాగహారానికి మాత్రం రెండు గీతలు (//), శేషానికి % వాడాలి. ఒక్క గీత (/) వాడితే దశాంశంలోకి మారిపోయి చివరి అంకెలు పోతాయి.

1. సంఖ్యను సరిగ్గా రాసుకోండి

పద్యంలో అంకెలకు బదులు మాటలు ఉంటాయి. వాటిని వరసగా ఇలా చదవాలి: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

ఇవి ఒకట్ల స్థానం నుంచి మొదలవుతాయి. అంటే మొదటి మాట 'శర' సంఖ్యకు కుడి చివర అంకె. కాబట్టి గళ్ల పుస్తకంలో కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ వెళ్లండి.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. ఒకటి, ఎడమ నుంచి రాయడం. అలా రాస్తే 5161తో మొదలై 81తో ముగిసే వేరే సంఖ్య వస్తుంది. రెండు, సముద్రాలు ఏడు అనే లెక్కతో అబ్ధి, పయోనిధి అన్నచోట 7 వేయడం. ఇక్కడ రెండూ నాలుగే. మూడోది అన్నిటికంటే మోసకారి: వియత్, గగన అనే రెండు సున్నాల్లో ఒకటి జారిపోవడం. అంకెల మొత్తం వేసి చూసినా ఈ తప్పు దొరకదు, సున్నా ఉన్నా లేకున్నా మొత్తం ఒకటే కదా. అందుకే మొదట అంకెలు లెక్కపెట్టండి. ఇరవై ఉండాలి. తర్వాత మొత్తం వేయండి, 87 రావాలి. రెండూ కుదిరితేనే ముందుకు వెళ్లండి.

2. అసలు ఆ సంఖ్య నిజమేనా చూడండి

పద్యాన్ని నమ్మి ఊరుకోకండి, మీరే కట్టి చూడండి. అరవై నాలుగు సార్లు రెట్టింపు చేయక్కర్లేదు. వర్గాలు చేసుకుంటూ పోతే ఆరు అంగల్లో అయిపోతుంది:

2 → 4 → 16 → 256 → 65536 → 4294967296 → ?

ఆఖరి అంగ ఒక్కటే పెద్దది. 4294967296ను 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. మూడు గుణకారాలు కావాలి:

42949 × 42949 = 1844616601
2 × 42949 × 67296 = 5780591808
67296 × 67296 = 4528751616

మొదటిదాని చివర పది సున్నాలు, రెండోదాని చివర ఐదు సున్నాలు చేర్చి మూడూ కూడండి. 18446744073709551616 వస్తుంది. ఇది 2⁶⁴. గళ్లన్నిటి మొత్తం దీనికంటే ఒకటి తక్కువ. (చిన్నదానితో చూసుకోండి: 1+2+4+8 = 15, అంటే 16 కంటే ఒకటి తక్కువ.) పద్యంలోని సంఖ్య అక్షరాలా సరిపోయింది. కాగితం మీద ఇది కుదిరినప్పుడు కలిగే సంతోషం కోసమైనా ఈ మెట్టు దాటేయకండి.

సున్నాలు చేర్చడంలో పొరపాటు పడ్డారేమో అనుమానముంటే అంచనా వేయండి. 2¹⁰ అంటే 1024, వెయ్యి కంటే కాస్త ఎక్కువ. 2⁶⁴ అంటే 1024ను ఆరుసార్లు గుణించి 16తో హెచ్చవేయడం. కాబట్టి జవాబు 16 పక్కన పద్దెనిమిది సున్నాల కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. ఉంది.

ధాన్యం లెక్కలో కావాలంటే, వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు తూగుతాయనుకోండి. మన 75 కిలోల బస్తాలో 37,50,000 గింజలు పడతాయి. మొత్తానికి 4.9 లక్షల కోట్ల బస్తాలు కావాలి. టన్నుల్లో 36,000 కోట్లు దాటుతుంది. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వరి ధాన్యం సుమారు 80 కోట్ల టన్నులు. డెల్టాలో ఎన్ని పంటలు తీసినా ఆ బల్ల నిండదు.

3. చిన్న పరీక్షలు పూర్తి చేయండి

- 2: చివరి అంకె 5, కాబట్టి పోదు.
- 5: పోతుంది. 25తో? చివరి రెండంకెలు 15 కాబట్టి పోదు. అంటే 5 ఒక్కసారే.
- 3: అంకెల మొత్తం 87, అది 3తో పోతుంది. 9తో పోదు. అంటే 3 కూడా ఒక్కసారే.
- 7, 11, 13: ఈ మూడింటికీ కలిపి ఒకే పరీక్ష. కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి, ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ రండి.

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016లో 1001 పోగా 15 మిగిలింది. 15 ఈ మూడింట్లో దేనితోనూ పోదు. కాబట్టి మన సంఖ్య 7, 11, 13లలో దేనితోనూ పోదు. ఇదంతా 7 × 11 × 13 = 1001 కావడం వల్ల నడుస్తుంది, అంతకంటే సిద్ధాంతం ఇక్కడ అవసరం లేదు.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. మనం కామాలు లక్షలు, కోట్ల లెక్కన పెడతాం: కుడి చివర మూడు, ఆ తర్వాత రెండేసి. ఆ కామాలనే గుంపులుగా తీసుకుని 615 − 51 + 95 − 70 అని మొదలుపెడితే వచ్చే జవాబుకు అర్థమే ఉండదు. ఈ పరీక్ష చేసేటప్పుడు కామాలు చెరిపేసి, మూడేసి అంకెలకు నిలువు గీతలు కొత్తగా గీసుకోండి: 18|446|744|073|709|551|615. మధ్యలో 073 ఉంది చూడండి. దాని ముందరి సున్నాను వదిలి 737 అని రాసేవాళ్లూ ఉన్నారు.

11కి మాత్రం వేరే దారి కూడా ఉంది, ఒక్కొక్క అంకెనే కుడి నుంచి మార్చి మార్చి కూడి తీసేయడం. దానితో సరిచూసుకోండి. శేషం 4 రావాలి. ఆ 4ను పక్కన రాసి పెట్టుకోండి, 7వ మెట్టులో పనికొస్తుంది.

4. భాగహారానికి ముందు పక్క సంఖ్యను చూడండి

మొత్తం పనికి ఇదే ప్రాణం.

ఇప్పటిదాకా 3, 5 దొరికాయి. మామూలుగా అయితే ఇక 17, 19, 23 అంటూ వరసగా భాగించుకుంటూ పోతాం. ఈ సంఖ్యను అలా విప్పాలంటే ఆరు వేల పైచిలుకు ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఎవరి వల్లా కాదు. దాని బదులు ఒకటి కలిపి చూడండి. 2వ మెట్టులో మీరే కట్టారు: ఒకటి కలిపితే అది 4294967296 వర్గం. వర్గానికి ఒకటి తక్కువైన ఏ సంఖ్య అయినా వెంటనే రెండు ముక్కలవుతుంది:

a² − 1 = (a − 1) × (a + 1), అని చిన్నప్పుడు నేర్చుకున్నదే.

కాబట్టి మన సంఖ్య = 4294967295 × 4294967297.

అక్కడితో ఆగకండి. మొదటి ముక్కకు కూడా ఒకటి కలపండి. 4294967296 అంటే 65536 వర్గం. కాబట్టి

4294967295 = 65535 × 65537
65535 = 255 × 257 (65536 అంటే 256 వర్గం)
255 = 15 × 17
15 = 3 × 5

ఒక్క భాగహారం లేకుండా ఇరవై అంకెల సంఖ్య ఇలా వచ్చింది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

పరీక్షల్లో ఇదే కిటుకును చిన్న సంఖ్యల మీద అడుగుతారు. 3599 ప్రధానమా? ఒకటి కలిపితే 3600, అంటే 60 వర్గం. కాబట్టి 59 × 61. ఒకటి కలిపితే వర్గం కాకపోతే 4, 9, 16 కలిపి చూడండి. 4891కి 9 కలిపితే 4900, అంటే 70 వర్గం. 9 అంటే 3 వర్గం, కాబట్టి (70 − 3) × (70 + 3), అంటే 67 × 73. ముందు ఇది చూడకుండా ఎక్కాలు మొదలుపెట్టేవాళ్లు పరీక్ష హాల్లో అనవసరంగా టెన్షన్ పడతారు.

భాగహారం చేసే తీరతానంటే, సరిచూసుకోవడానికి భాగఫలాలు ఇవిగో. 3తో భాగిస్తే 6148914691236517205. దాన్ని 5తో భాగిస్తే 1229782938247303441. దాన్ని 17తో భాగిస్తే 72340172838076673. దాన్ని 257తో భాగిస్తే 281479271743489. మొదటి భాగహారంలో చివర జాగ్రత్త: ఒకట్ల స్థానానికి ముందున్న 1లో 3 పోదు, అక్కడ భాగఫలంలో 0 వేసి తర్వాతి 5ను దించుకోవాలి. ఆ సున్నా మరిచిపోతే చివర 7205 బదులు 725 వస్తుంది.

5. మిగిలిన పెద్ద ముక్కను విప్పండి

4294967297 అంటే 2³² + 1. వర్గానికి ఒకటి ఎక్కువ కాబట్టి పై కిటుకు పనిచేయదు. 17వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనే నమ్మాడు. 1732లో ఆయిలర్ కాదని తేల్చాడు.

మనకు కావలసిన నియమం ఒక్కటే: 2³² + 1ను భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 128తో భాగిస్తే శేషం 1 ఇవ్వాలి. కాబట్టి 129, 257, 385, 513, 641... వీటిలో ప్రధాన సంఖ్యలనే పరీక్షించాలి. 129 (3 × 43), 385, 513 ప్రధానాలు కావు. మిగిలినవి 257, 641.

పది అంకెల సంఖ్యను నేరుగా భాగించనక్కర్లేదు. శేషాలతో పని చేయండి.

257తో: 65536ను 257తో భాగిస్తే శేషం 1. దాని వర్గం 1, ఒకటి కలిపితే 2. పోదు.

641తో: 65536లో 641 × 102 = 65382 తీసేస్తే శేషం 154. దాని వర్గం 23716. ఒకటి కలిపితే 23717. ఇప్పుడు 641 × 37 వేయండి. సరిగ్గా 23717.

అంటే 4294967297 నిశ్శేషంగా 641తో పోతుంది. ఇప్పుడు భాగించండి, భాగఫలం 6700417. సరిచూడటానికి మూడు వరసలు చాలు: 600 రెట్లు 4020250200, 40 రెట్లు 268016680, ఒక రెట్టు 6700417. కూడితే 4294967297.

6. మిగిలినవి ప్రధానమేనని తేల్చుకోండి

"ఇంకేదీ కనిపించలేదు కాబట్టి ప్రధానమే" అని ఆపేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. ఒక సంఖ్య ప్రధానమని చెప్పాలంటే దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ పరీక్షించి ఉండాలి, లేదా కొన్నిటిని వదిలేయడానికి సరైన కారణం చూపాలి.

257: వర్గమూలం 16కి పైన, 17కి లోపు. 2, 3, 5, 7, 11, 13 చూస్తే చాలు. దేనితోనూ పోదు.

65537: వర్గమూలం 256కి కాస్త పైన. ఇది 2¹⁶ + 1 కాబట్టి దీన్ని భాగించేది 64తో శేషం 1 ఇవ్వాలి. 256 లోపు అలాంటివి 65, 129, 193. ప్రధానం 193 ఒక్కటే. భాగిస్తే శేషం 110. ఒక్క భాగహారంతో తేలిపోయింది.

6700417: వర్గమూలం 2588. ఇది 2³² + 1లోని ముక్క కాబట్టి 128 నియమం దీనికీ వర్తిస్తుంది. 2588 లోపు ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. వరసగా శేషాలు 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. కాబట్టి ఇది ప్రధాన సంఖ్య. 641ను రెండోసారి ఎందుకు చూశాం అంటారేమో, ఒకే ప్రధాన సంఖ్య రెండుసార్లు రావచ్చు కదా. దాన్ని వదిలేయకూడదు.

మొత్తం ఇది:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

7. లబ్ధాన్ని సరిచూడండి

ఏడింటినీ తిరిగి గుణించనక్కర్లేదు. రెండు పరీక్షలు చేయండి.

తొమ్మిదితో: ఒక్కో కారణాంకం అంకెల మొత్తాన్ని ఒకే అంకెకు తెండి. వరసగా 3, 5, 8, 5, 2, 8, 7 వస్తాయి. గుణిస్తూ, ప్రతిసారీ మళ్లీ ఒక్క అంకెకు తెస్తూ రండి: 6, 3, 6, 3, 6, 6. అసలు సంఖ్య మొత్తం 87, అంటే 15, అంటే 6. కుదిరింది.

పదకొండుతో: కారణాంకాల శేషాలు 3, 5, 6, 4, 3, 10, 9. గుణిస్తూ 11తో శేషాలు తీస్తే 4, 2, 8, 2, 9, 4. ఇందాక పక్కన రాసిన 4తో సరిపోయింది.

రెండూ ఎందుకంటే, తొమ్మిది పరీక్షకు అంకెలు తారుమారైనా తెలియదు. 6700417 బదులు 6700471 రాసినా అది "సరే" అంటుంది. పక్క పక్క అంకెలు మారితే పదకొండు పరీక్ష పట్టేస్తుంది. రెండూ దాటిన లెక్క తప్పయ్యే అవకాశం తక్కువ, అసలే లేదని మాత్రం అనుకోవద్దు.

8. ఇప్పుడు అడిగినవన్నీ చెప్పవచ్చు

కారణాంకాలు ఎన్ని? ప్రతి ప్రధాన సంఖ్య ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణించాలి. ఇక్కడ ఏడు ప్రధాన సంఖ్యలూ ఒక్కొక్కసారే ఉన్నాయి కాబట్టి 2 × 2 × 2 × 2 × 2 × 2 × 2 = 128. ఒకటి, ఆ సంఖ్య తనూ ఇందులోనే ఉన్నాయి.

ఒకటి కలపడం మరిచిపోయేవాళ్ల కోసం మనకు బాగా అలవాటైన సంఖ్య చూడండి. గోదావరికి వరదొచ్చిన ప్రతిసారీ వినే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 2⁹ × 5⁹. దాని కారణాంకాలు 10 × 10 = 100. ఒకటి కలపకపోతే 81 అనే తప్పు జవాబు వస్తుంది. పది అంకెల సంఖ్యకు 100, ఇరవై అంకెల సంఖ్యకు 128. పొడవు చూసి ఊహించకండి.

పరిపూర్ణ వర్గమా? కాదు, ఏ ప్రధాన సంఖ్యా జంటగా రాలేదు. రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? వీల్లేదు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా బేసిసార్లు వస్తే అలా రాయలేం, ఇక్కడ 3 ఒక్కసారి వచ్చింది.

మీ ఊరి పిన్‌కోడ్‌తో సాధన

నరసాపురం, 534275. చివర 75 ఉంది కాబట్టి 25తో పోతుంది, 21371 మిగులుతుంది. 371 − 21 = 350, 7తో పోతుంది. భాగిస్తే 3053. ఇక్కడ ఆగి పక్క సంఖ్యను చూడండి. 3053 కంటే పెద్దదైన మొదటి వర్గం 56ది, 3136. తేడా 83, వర్గం కాదు. తర్వాతది 57 వర్గం 3249. తేడా 196, అంటే 14 వర్గం. కాబట్టి (57 − 14) × (57 + 14) = 43 × 71. జవాబు 5² × 7 × 43 × 71, కారణాంకాలు 24. వరసగా భాగించుకుంటూ వెళ్తే 43 దాకా పోవలసి వచ్చేది.

కాకినాడ, 533001. అంకెల మొత్తం 12, కాబట్టి 3. మిగిలింది 177667. 667 − 177 = 490, కాబట్టి 7. మిగిలింది 25381. అది 17 × 1493. 1493కు 37 వరకు చూస్తే ప్రధానమని తేలుతుంది. కారణాంకాలు 16.

అమలాపురం, 533201. అసలు కష్టం ఇదే. 2, 3, 5తో పోదు. 533 − 201 = 332, కాబట్టి 7, 11, 13తో కూడా పోదు. చాలామంది ఇక్కడే "ప్రధానం" అని రాసేస్తారు. వర్గమూలం 730, అంటే పని ఇంకా మొదలు కాలేదు. పక్కనున్న 533200 కాస్త సాయం చేస్తుంది. అది 400 × 31 × 43. పక్కపక్క సంఖ్యలకు ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి 31, 43 వదిలేయవచ్చు. మిగతావి 17 నుంచి ఒక్కొక్కటే చూడాలి. 61 దగ్గర తెగుతుంది: 61 × 8741. 8741 వర్గమూలం 93. 61 కంటే చిన్నవి ముందే చూసేశాం కాబట్టి 61, 67, 71, 73, 79, 83, 89 చూస్తే చాలు. దేనితోనూ పోదు, ప్రధానమే. ఇరవై అంకెల సంఖ్య కంటే ఈ ఆరంకెల దానికే ఎక్కువ భాగహారాలు పట్టాయి.

దీని రెండు ప్రధాన కారణాంకాలూ 4తో శేషం 1 ఇస్తాయి. అందుకే ఇది రెండు వర్గాల మొత్తంగా, అదీ రెండు రకాలుగా వస్తుంది: 695² + 224², 724² + 95². కట్టి చూడండి.

పాలకొల్లు, 534260 మీరే చేయండి. జవాబు 2² × 5 × 26713, కారణాంకాలు 12. మీకూ ఇదే వచ్చి ఉంటే, 26713 ప్రధానమని రాసే ముందు 163 దాకా అన్ని ప్రధాన సంఖ్యలతో భాగించారో లేదో నోట్‌బుక్‌లో ఒకసారి చూసుకోండి.